తామర పురుగుకు వైరస్ సోకితే

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నువ్వు చేసే పని గురించి నాలుగు మాటలు చెప్పు, కానీ అందరికీ అర్థం కావాలె" అని సంఘం వాళ్లు షరతు పెట్టారు. మొక్కల వైరస్‌లను మోసే పురుగుల మీద నా పని. రఘునాథపల్లి బడిలో చదివి ఎక్కడెక్కడో స్థిరపడినా, మనలో చాలామందికి ఊళ్లో ఇంకా చేను ఉంది. అందుకని చేను దగ్గరే మొదలుపెడతాను.

మిరపలో ఆకు ముడుచుకుంటే "జెమిని వచ్చింది" అంటాం. వేరుశనగలో మొవ్వు ఎండిపోతే మొవ్వుకుళ్లు అంటాం. బెండ ఆకు పసుపెక్కితే పల్లాకు. మూడూ వైరస్ తెగుళ్లే. జెమినిని, పల్లాకును తెల్లదోమ మోస్తుంది. మొవ్వుకుళ్లును తామర పురుగు మోస్తుంది. 2021-22లో మన వరంగల్, ఖమ్మం, గుంటూరు మిరప తోటలను ముంచిన నల్ల తామర పురుగు సంగతి వేరు. అది పూలలో గుంపులుగా చేరి గీకి రసం పీల్చడం వల్ల పూత రాలిపోయింది. ఆ నష్టాన్ని కూడా చాలామంది వైరస్ ఖాతాలో రాశారు.

మొవ్వుకుళ్లు సంగతి తేలింది మన దగ్గరే, పటాన్‌చెరులో. 1972లో మొదలైన ఇక్రిశాట్ అక్కడే ఉంది. ఈ తెగులుకు కారణం విదేశాల్లో టమాటాను పట్టే ఒక వైరస్సేనని చాలా ఏళ్లు నమ్మారు. అది వేరే వైరస్ అని 1992లో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తేల్చారు. దాన్ని మోసేది 'త్రిప్స్ పామి' అనే జాతి తామర పురుగు అని 1995లో ప్రచురించారు. అంతకుముందు వేరే జాతులను అనుమానించారు. మోసేది ఎవరో తెలియకుండా మందు కొట్టడం, చిరునామా రాయని ఉత్తరాన్ని డబ్బాలో వేయడం లాంటిదే.

ఇక అసలు విషయం. తామర పురుగు అంటే వైరస్‌ను ఇక్కడ ముంచుకుని అక్కడ గుచ్చే సూది అని మనం అనుకుంటాం. అది నిజం కాదు. ఈ వైరస్ పురుగు ఒంట్లోనూ పెరుగుతుంది. మిల్లీమీటరు పొడవున్న ఆ ప్రాణికి కూడా ఇది ఇన్ఫెక్షనే.

ఇందులో ఒక చిత్రం ఉంది. గుడ్డు నుంచి బయటికొచ్చిన పిల్ల పురుగు తెగులు మొక్కను తింటేనే వైరస్ పేగు దాటి లాలాజల గ్రంథులకు చేరుతుంది. అది రెక్కలొచ్చి పెద్దదయ్యాక బతికినన్నాళ్లూ తెగులును అంటిస్తుంది. పెద్దయ్యాక మొదటిసారి తెగులు మొక్కను తిన్న పురుగు అంటించలేదు. దాని పేగులోకి వైరస్ వెళ్తుంది కానీ ముందుకు సాగదు. తల్లి నుంచి గుడ్డుకు కూడా వైరస్ వెళ్లదు. అంటే ప్రతి తరం పిల్ల పురుగూ దాన్ని మళ్లీ కొత్తగా తెచ్చుకోవలసిందే.

వైరస్ సోకినప్పుడు పురుగు జన్యువులు ఏం చేస్తాయి? జన్యువులు ఒంట్లో ఎప్పుడూ ఉంటాయి, కానీ అన్నీ ఒకేసారి పనిచేయవు. మన బడి హాజరు పట్టీ లాగే, ఏ రోజు ఏ జన్యువు పనిలోకి వచ్చిందో చూడవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పురుగుల పట్టీని, వైరస్ సోకిన వాటి పట్టీని పక్కపక్కన పెట్టి పోల్చడమే మా పద్ధతి. టమాటా వైరస్ సోకిన తామర పురుగులో రోగనిరోధక జన్యువులు మేల్కొంటాయని 2004లో చూపించారు. తర్వాత జరిగిన పరిశోధనల్లో ఈ స్పందన దశను బట్టి మారుతుందని తేలింది. పిల్ల పురుగులో కదిలే జన్యువులు ఒకటైతే, పెద్దదానిలో కదిలేవి వేరొకటి. వైరస్‌ను పూర్తిగా చంపేంత పోరాటం జరగదు. పురుగు చావదు, వైరస్సూ పోదు. నా దృష్టిలో ఇది యుద్ధం కంటే కాపురానికే దగ్గర.

ఆ కాపురంలో వైరస్‌కు లాభం కూడా ఉంది. 2011లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు చూసినదేమంటే, వైరస్ సోకిన మగ తామర పురుగులు మామూలు వాటికంటే మూడు రెట్ల వరకు ఎక్కువసార్లు మొక్కను గుచ్చుతాయి. అందులోనూ కణాన్ని పీల్చి చంపకుండా, లాలాజలం మాత్రం వదిలిపెట్టే పోట్లు పెరుగుతాయి. బతికున్న కణమే కదా వైరస్‌కు కావలసింది!

తెల్లదోమది మరో దారి. మన జెమినికి దాయాది అయిన టమాటా ముడత వైరస్ మీద ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు పనిచేశారు. వైరస్ లోపలికి రాగానే తెల్లదోమలో హెచ్ఎస్‌పీ70 అనే ప్రొటీన్ పెరుగుతుంది. దాన్ని అడ్డుకుంటే దోమ తెగులును మరింత ఎక్కువగా అంటించిందని 2012లో ప్రకటించారు. దోమ తన కోసం తయారుచేసుకున్న కాపలాయే కొంతవరకు మన పంటకూ కాపలా అన్నమాట. నాకు ఈ ఫలితమంటే చాలా ఇష్టం.

దీనివల్ల రైతుకు ఏమిటి అని మా అన్న ప్రతి పండక్కీ అడుగుతాడు. ముడత కనిపించాక డబ్బా మీద డబ్బా కొట్టి అప్పులపాలవుతున్న వాళ్లను చూస్తున్నాం. మొక్కలోకి వెళ్లిన వైరస్‌ను ఏ పురుగుమందూ బయటికి తీయలేదు. వైరస్ చేతులు మారేది పిల్ల పురుగు దగ్గర గనక, అది పెరిగే తెగులు మొక్కను ముందే పీకేయాలి. మిరప, టమాటా నారుమడి మీద నైలాన్ వల కప్పడం, వేరుశనగ చుట్టూ నాలుగు వరుసల జొన్నో సజ్జో వేయడం ఇప్పుడే చేయగలిగినవి.

రేపటి పని వేరు. పురుగుకు అవసరమైన ఒక జన్యువును ఆర్‌ఎన్ఏతో నిద్రపుచ్చితే అది చస్తుందో, గుడ్లు తగ్గుతాయో తామర పురుగులోనే 2015లో పరీక్షించారు. మిల్లీమీటరు పురుగుకు ఇంజక్షన్ ఇచ్చి మరీ! చాలా పురుగులు చచ్చాయి, మిగిలినవాటికి సంతానం తగ్గింది. కానీ చేనులో ఒక్కో పురుగుకూ సూది వేయలేం కదా. ఎండకు, వానకు ఆగేలా, రైతుకు అందే ధరలో దాన్ని పిచికారీగా మార్చడం మీద ఇంకా చాలా పని ఉంది.

ఇంకా ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి. ఏ డబ్బా కొట్టాలో మాత్రం అప్పుడే అడగకండి. ముందు ఆకు తెచ్చి చూపించండి.