పెళ్లి ఎవరు చేయాలి?
కొత్తరెడ్డిపాలెం యూదు స్త్రీల వైపు నుంచి కొన్ని ప్రశ్నలు
(ఒక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



వివాహ చట్టాల మీద మాట్లాడమని నన్ను పిలిచినప్పుడు, యూదుల పెళ్లి గురించి మాట్లాడతానన్నాను. "గుంటూరు జిల్లాలో యూదులెక్కడున్నారండీ?" అని కొందరు నవ్వారు. వున్నారు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో వున్నారు. తాము ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని, బెనె ఎఫ్రాయిం అని చెప్పుకుంటారు. మాదిగ కుటుంబాలు. అంతకుముందు బాప్టిస్టు సంఘాల్లో వున్నవాళ్లు. శ్మూయేల్ యాకోబీ, సాదోక్ యాకోబీ అనే అన్నదమ్ముల చొరవతో 1991లో అక్కడ సమాజ మందిరం వెలిసింది. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు వీళ్ల గురించి 2013లో ఒక పుస్తకమే ప్రచురించారు.

కొన్ని పదుల కుటుంబాలు, ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. ఇంత చిన్న సమూహం గురించి ఇంతమంది ఎందుకు ఆలోచించాలి? మిగతా మతాల్లో పెళ్లి ఎవరు చేయాలన్నది ముందే తేలిపోయి వుంటుంది. పంతులుగారు, పాస్టరుగారు, ఖాజీసాబు వస్తారు. మనం ప్రశ్నించం. ఇక్కడ మాత్రం చదువుకుని పట్టా పొందిన రబ్బీ వూళ్లో లేడు. యూదుల పెళ్లి కోసం మన దేశంలో ప్రత్యేక చట్టమూ లేదు. కాబట్టి ఆ ప్రశ్న దాపరికం లేకుండా మన ముందు నిలబడుతుంది. దాని జవాబు వల్ల ఎక్కువ లాభపడేదీ నష్టపోయేదీ పెళ్లికూతురే.

మొదట మతశాస్త్రం ఏమంటోందో చూద్దాం. యూదు సంప్రదాయం ప్రకారం పెళ్లి కావడానికి రబ్బీ తప్పనిసరి కాదు. పెళ్లికొడుకు ఇద్దరు సాక్షుల ఎదుట పెళ్లికూతురికి ఉంగరమో, విలువైన వస్తువో ఇవ్వాలి. ఆమె అంగీకరించాలి. కెతూబా అనే ఒప్పంద పత్రం రాయాలి. పందిరి కింద ఏడు ఆశీర్వచనాలు చదవాలి. అయితే వివాహ, విడాకుల నియమాలు తెలియనివాడు ఆ పనికి పూనుకోకూడదని తల్మూదు హెచ్చరిస్తుంది. రబ్బీని పిలిచే ఆచారం అందుకే బలపడింది. అంటే ఆయన పవిత్రత వల్ల పెళ్లి సిద్ధించదు. ఆయన తెలివిడి వల్ల పెళ్లి చిక్కుల్లో పడకుండా వుంటుంది, అంతే.

ఇక్కడ పితృస్వామ్యం ఎక్కడుందో గమనించండి. సనాతన పద్ధతిలో సాక్షులు మగవాళ్లే అయి వుండాలి, వధూవరులకు బంధువులు కాకూడదు. చుట్టరికాలు అల్లుకుపోయిన పల్లెలో ఈ ఒక్క నియమమే పెద్ద సమస్య. విడాకుల పత్రం ఇచ్చే అధికారమూ భర్తదే. తెలుగు బైబిలు చదివే స్త్రీలకు 'పరిత్యాగ పత్రం' అన్న మాట తెలుసు. భర్త ఆ పత్రం ఇవ్వకపోతే ఆమె మతం దృష్టిలో మళ్లీ పెళ్లి చేసుకోలేదు. అలాంటి స్త్రీని హీబ్రూలో 'అగునా' అంటారు, కట్టివేయబడ్డ మనిషి అని అర్థం. ఇది తెలిసినవాళ్లు పెళ్లి జరిపించే మనిషిని మొదట అడగవలసింది "ముహూర్తం ఎప్పుడు?" అని కాదు. "రేపు వీళ్లు విడిపోతే ఈ పత్రం ఇప్పించే బాధ్యత మీరు తీసుకుంటారా?" అని. అమెరికాలో కొందరు రబ్బీలు 1990ల నుంచి పెళ్లికి ముందే దీని మీద రాతపూర్వకమైన ఒప్పందం చేయిస్తున్నారు.

పెళ్లి ఎవరు చేశారన్నది ఒక తరంతో పోయే విషయం కాదు. ముంబయి, కొంకణ తీరంలోని బెనె ఇజ్రాయెల్ యూదుల చరిత్ర చూడండి. వాళ్లకు రబ్బీలు లేరు, ప్రార్థన నడిపే హజ్జాన్లే పెళ్లిళ్లు జరిపించేవారు. వాళ్లు ఇజ్రాయెల్‌కు వలస వెళ్లాక, 1960ల మొదట్లో అక్కడి ప్రధాన రబ్బీ పీఠం అనుమానాలు లేవనెత్తింది. మీ పూర్వీకుల పెళ్లిళ్లు, విడాకులు శాస్త్రోక్తంగా జరిగాయా, తరాల వెనక్కి విచారించాలి అంది. ఆ జనం జెరూసలేం వీధుల్లో ఆందోళనకు దిగారు. 1964లో ఆ పీఠం వెనక్కి తగ్గింది. అయినా అమ్మమ్మల పెళ్లిళ్లను మనవరాళ్ల ముందు బోనులో నిలబెట్టడం ఎంత అవమానం! మణిపూర్, మిజోరం నుంచి వెళ్లిన బెనె మెనాషె దంపతులు అక్కడ మతాంతరీకరణ అయ్యాక మళ్లీ పెళ్లి చేసుకోవలసి వస్తోంది. పిల్లలు పుట్టి పెద్దవాళ్లయ్యాక, "మీ పెళ్లి లెక్కలోకి రాదు" అనిపించుకోవడం అది. కొత్తరెడ్డిపాలెం వాళ్లకు ఇజ్రాయెల్ ఆ మాత్రం గుర్తింపు కూడా ఇవ్వలేదు. అందుచేత దూరాన వున్న పీఠం మెప్పు కోసం ఇక్కడి పెళ్లిని తక్కువ చేసుకోనక్కర్లేదు.

ఈ నేలకు ఇది కొత్త ప్రశ్న కూడా కాదు. 1878 జులైలో ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు, వాళ్లలో అత్యధికులు మాదిగలు. మతం మారిన ఆ కుటుంబాల పెళ్లిళ్లు 1872 క్రైస్తవ వివాహ చట్టం కిందికి వచ్చాయి. ఆ చట్టం ప్రకారం అర్హత గానీ లైసెన్సు గానీ లేనివాళ్లు చేసిన క్రైస్తవ పెళ్లి చెల్లదు. కొత్తరెడ్డిపాలెానికి ఎంతో దూరం లేని తెనాలిలో త్రిపురనేని రామస్వామి చౌదరి తెలుగులో 'వివాహ విధి' రాసి, బ్రాహ్మణ పురోహితుడు లేకుండానే పెళ్లిళ్లు జరిపించారు. అది గొప్ప తిరుగుబాటే. కానీ పీట మీద కూర్చున్నవాడి కులం మారింది గాని, ఆ పీట మగవాడిదే అన్న భావన మారలేదు.

మరి స్త్రీలకు ఆ అధికారం ఎన్నడూ లేదా? ఒంగోలు మిషనరీ కుటుంబానికి చెందిన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ 1899లో మాదిగల గురించి రాసిన పుస్తకంలో 'మాతంగి' ప్రస్తావన వుంది. అగ్రవర్ణాలు సైతం తలవంచిన మాదిగ స్త్రీ ఆమె. దీన్ని మనం పొగడ్తగా చెప్పుకోకూడదు. దేవత పేరుతో ఆడపిల్లలను అంకితం చేసే దురాచారాన్ని 1988లో మన రాష్ట్రం చట్టం చేసి నిషేధించాల్సి వచ్చింది. కానీ మతకర్మ స్త్రీ చేతుల మీదుగా జరగడం ఈ సమాజానికి తెలియని సంగతి మాత్రం కాదు. యూదుల్లోనూ 1935లో జర్మనీలో రెజీనా యోనాస్ రబ్బీ పట్టా పొందింది. నాజీలు ఆమెను 1944లో ఆష్‌విట్జ్‌లో చంపేశారు. 1972లో అమెరికాలో శాలీ ప్రీసాండ్ రబ్బీ అయింది. సనాతన శాఖలు ఒప్పుకోకపోయినా, సంస్కరణ శాఖల్లో స్త్రీలు పెళ్లిళ్లు జరిపించడం ఇవాళ మామూలు విషయం.

ఇక మన దేశ చట్టానికి వద్దాం. 1955 హిందూ వివాహ చట్టం యూదులకు వర్తించదు. వాళ్ల పెళ్లికి ఆచారమే ఆధారం. అయితే దళిత యూదు కుటుంబానికి ఇంకో భయం వుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే షెడ్యూల్డు కులాల హోదా. యూదులమని కాగితం మీద రాస్తే ఆ హోదా పోతుంది. ఇప్పుడు ఒక స్త్రీ భరణం కోసం కోర్టుకు వెళ్లిందనుకోండి. "ఆమె యూదురాలు, హిందూ చట్టం ఆమెకెక్కడిది?" అని భర్త తరఫు వకీలు అనవచ్చు. లేదా, "రికార్డులో ఆమె హిందువు, హిందూ ఆచారం ప్రకారం పెళ్లి జరగలేదు" అనీ అనవచ్చు. ఎటు తిప్పినా ఆమే ఓడిపోయే వాదన ఇది.

ఇదేమీ వూహ కాదు. రోమన్ కాథలిక్ యువకుడు, హిందూ యువతి 1996లో గుడిలో తాళి కట్టించుకుని హిందూ వివాహ చట్టం కింద రిజిస్టరు చేయించుకున్నారు. మన హైకోర్టు నుంచి వెళ్లిన ఆ కేసులో సుప్రీంకోర్టు 2008లో ఆ పెళ్లి చెల్లదంది. ఆ చట్టం ఇద్దరు హిందువుల మధ్య పెళ్లికే అని చెప్పింది. అక్కడ పెళ్లి రద్దు కోరింది ఆ యువతే. అదే సూత్రం భరణం అడిగే స్త్రీ మీదికి తిరిగితే ఏమవుతుంది? 2024లో మరో కేసులో, కర్మకాండ జరగకుండా రిజిస్ట్రేషన్ కాగితం ఒక్కటే వుంటే హిందూ వివాహం కాదని అదే కోర్టు చెప్పింది. కాగితం లేని పెళ్లి నిలబడటం కష్టం, పెళ్లి జరగని కాగితమూ నిలబడదు.

కుటుంబ సలహా కేంద్రాల్లో మీరంతా వినే మాటే నేనూ విన్నాను. పత్తి తీతలకూ మిర్చి కోతలకూ వెళ్లే స్త్రీని "నీ పెళ్లి ఎవరు చేశారమ్మా?" అని అడిగితే, "మా పెద్దలు చేశారు" అంటుంది. ఆ పెద్దల్లో ఎందరు కోర్టు మెట్లెక్కి సాక్ష్యం చెబుతారు? పెళ్లి చేసే మనిషిని ఎంచుకోవడమంటే మొదటి సాక్షిని ఎంచుకోవడమే. యూదు పెళ్లయినా, చర్చి పెళ్లయినా, దండల పెళ్లయినా ఇది ఒక్కటే.

అందుకని నేను కొన్ని సూచనలు చేస్తున్నాను. మొదటిది, ఎవరితో పెళ్లి చేయించుకోవాలన్న సంప్రదింపులో పెళ్లికూతురు స్వయంగా కూర్చోవాలి. ఆ మనిషి ఆమెను విడిగా పలకరించి, వయసూ ఇష్టమూ తెలుసుకున్నాకే పెళ్లికి ఒప్పుకోవాలి. రెండు, కెతూబా ఆమెకు తెలిసిన తెలుగులో కూడా రాయాలి, ఒక ప్రతి ఆమె దగ్గరే వుండాలి. మూడు, కట్నం మాట వినబడిన పెళ్లి నేను చేయనని ఆయన గానీ ఆవిడ గానీ చెప్పగలగాలి. 1961 వరకట్న నిషేధ చట్టానికి మతం లేదు. నాలుగు, ఏ మతం వాళ్లయినా 2002 నాటి మన రాష్ట్ర చట్టం ప్రకారం పెళ్లిని రిజిస్టరు చేయించాలి.

అయిదోది అన్నిటికంటే ముఖ్యం. మందిరంలో పెళ్లి జరిగాక దాన్ని 1954 ప్రత్యేక వివాహ చట్టం 15వ సెక్షన్ కింద కూడా నమోదు చేయించుకోవచ్చు. ఇద్దరికీ 21 ఏళ్లు నిండాలి. భార్యాభర్తలుగా కలిసి వుంటూ వుండాలి. 30 రోజుల నివాసం, 30 రోజుల నోటీసు వుంటాయి. ఆ నమోదుతో మతభేదం వల్ల వచ్చే చిక్కులు చాలావరకు తప్పుతాయి. భర్త పరిత్యాగ పత్రం కోసం ఎదురుచూడకుండా ఆమె కోర్టులో విడాకులు అడగవచ్చు. 1925 భారత వారసత్వ చట్టం కింద, బిడ్డలున్న వితంతువుకు మూడో వంతు ఆస్తి వస్తుంది, మిగిలినదాంట్లో కొడుకుతోపాటు కూతురికీ సమాన వాటా వుంటుంది.

ఒక హెచ్చరిక. మన ఉత్సాహంలో ఎవరి మతాన్నీ బయటపెట్టమని వొత్తిడి చేయకూడదు. కుల ధ్రువపత్రం పోతుందన్న భయం నిజమైనది. ఏ కాగితం మీద ఏం రాయాలో ఆ స్త్రీ నిర్ణయించుకోవాలి. మన పని ఆమెకు పర్యవసానాలు ముందే చెప్పడం.

వచ్చే మాఘమాసపు పెళ్లిళ్లలోపు మీ మండలాల్లో పాస్టర్లను, పంతుళ్లను, ఖాజీలను, సమాజ మందిరం పెద్దలను ఒకచోట కూర్చోబెట్టండి. వాళ్లు చేసిన పెళ్లిళ్లకు రిజిస్టరు వుందా, అవసరమైతే సాక్ష్యానికి వస్తారా అని అడగండి. ఆ పనికి ముందుకొచ్చే చదువుకున్న స్త్రీలు ఎవరున్నారో కూడా ఆ రోజే పేర్లు రాసుకోండి. మీ అనుభవాలు వచ్చే సంచికకు రాసి పంపితే, వాటి ఆధారంగా మనం ఒక నమూనా పత్రం తయారుచేసుకుందాం.