టైరు చెప్పే లెక్క

(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

చదువు గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను బి.కాం. చదివి, ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషిని. లోపలికి వస్తూ బయట వరుసగా నిలబెట్టిన బైకులు చూశాను. సగానికి పైగా మన పిల్లలవే. అందుకని మోటారుసైకిలు టైరు గురించి నాలుగు మాటలు చెప్పాలనుకున్నాను. ఇదేం విషయం అని నవ్వకండి. మా ఇంట్లో ఒక ఏడాది చదువును ఈ టైరే మింగేసింది.

2011లో మా చిన్నవాడు కోయంబత్తూరులో ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఇంటి నుంచి కాలేజీకి రానూపోనూ 40 కిలోమీటర్లు. 150 సి.సి. బండి. సిగ్నల్ పడితే అందరికంటే ముందు దూకాలి, ఆగవలసిన చోట ఆఖరి క్షణంలో బ్రేకు వెయ్యాలి. ఆ వయసు అలాంటిది. సెప్టెంబరులో ఒకనాడు, "నాన్నా, వెనక టైరు మార్చాలి, రెండు వేలు అవుతుంది" అన్నాడు. నేను బయటికి వెళ్లి చూశాను. బండి సైడ్ స్టాండ్ మీద ఒరిగి ఉంది. నిలబడిన చోటి నుంచే చూస్తే టైరు పక్కన గాళ్లు లోతుగా, కొత్తవాటిలా కనిపించాయి. "ఇంత గాడి ఉండగా మార్చడమెందుకురా, దీపావళి వెళ్లాక చూద్దాం" అన్నాను. వాడు మారుమాట్లాడలేదు.

దీపావళి రానే లేదు. అక్టోబరులో ఒక సాయంత్రం చినుకులు పడుతుండగా అవినాశి రోడ్డులో ముందు వెళ్లే బస్సు ఆగింది. వాడు బ్రేకు వేశాడు. వెనక చక్రం పక్కకు జారిపోయింది. హెల్మెట్ ఉండబట్టి తల దక్కింది. కుడి మణికట్టు, కాలర్ బోను విరిగాయి. రాసే చెయ్యి అది. పరీక్షలు పోయాయి, హాజరు చాలలేదు, తోటివాళ్లకంటే ఒక ఏడాది వెనకబడ్డాడు. ఆస్పత్రి ఖర్చు ఎన్ని టైర్ల ఖరీదో నేను లెక్క వేశాను గాని, ఇక్కడ చెప్పను.

బండి బాగుచేయించేటప్పుడు టైరు షాపతను పాత టైరు ఊడదీసి నా ముందు నేల మీద పడేశాడు. పక్కలు రెండూ కొత్తవిలాగే ఉన్నాయి. నడుమ మాత్రం మూడు వేళ్ల వెడల్పున పూర్తిగా గుండు. "మీరు చూసింది పక్కలు సార్, బండి నడిచింది నడుమ మీద" అన్నాడు. ముప్పై ఏళ్లకు పైగా లెడ్జర్లు చూసినవాణ్ణి, ఇంట్లో లెక్క దగ్గరికి వచ్చేసరికి వేరే కాలమ్ కూడుకున్నానన్నమాట.

ఆనాటి నుంచి టైరు గురించి తెలుసుకోవడం మొదలుపెట్టాను. తెలిసింది చెబుతాను.

మోటారుసైకిలు టైరు కారు టైరులా బల్లపరుపుగా ఉండదు, గుండ్రంగా ఉంటుంది. ఏ క్షణంలోనైనా నేలను తాకేది సుమారు అరచేయంత భాగమే. నిటారుగా పోతే నడుమ భాగం, ఒరిగితే అంచు భాగం తాకుతుంది. అదీగాక రబ్బరు రోడ్డును పట్టుకోవాలంటే కొంచెం సాగాలి, కొంచెం రాసుకోవాలి. ఆ రాపిడిలోనే పట్టు ఉంది, ఆ రాపిడిలోనే అరుగుదలా ఉంది. మెత్తని రబ్బరు బాగా పట్టుకుంటుంది, త్వరగా అరుగుతుంది. గట్టి రబ్బరు ఎక్కువ కాలం వస్తుంది, పట్టు తక్కువ. ఈ లోకంలో ఉచితంగా వచ్చే పట్టు లేదు.

కామర్సు చదివినప్పుడు తరుగుదలకు స్థిర వాయిదాల పద్ధతి అని ఒకటి నేర్చుకున్నాం. ఏటా ఇంత అని సమానంగా రాసుకుంటూ పోతాం. టైరు ఆ పద్ధతి వినదు. గట్టిగా యాక్సిలరేటరు తిప్పితే వెనక టైరు ఖాతాలో ఖర్చు. గట్టిగా బ్రేకు వేస్తే బరువంతా ముందుకు వస్తుంది గనుక ముందు టైరు ఖాతాలో ఖర్చు. గాలి తక్కువైతే టైరు నలిగి, వేడెక్కి, అంచులు తింటుంది. గాలి మరీ ఎక్కువైతే నడుమ తింటుంది. ముగ్గురు ఎక్కితే చెప్పనక్కరలేదు. ఒకే కంపెనీ టైరు ఒకరికి మూడేళ్లు, ఇంకొకరికి ఒక ఏడాది రావడంలో వింత లేదు.

చదువు ముగించి ఉద్యోగంలో చేరాక మావాడు చెట్టిపాళయం దగ్గరున్న కరి మోటార్ స్పీడ్‌వేలో రైడింగు శిక్షణకు వెళ్తానన్నాడు. వాళ్లమ్మ వద్దంది. నేను కూడా వస్తానని చెప్పి వెంట వెళ్లాను. అక్కడ నన్ను ఆశ్చర్యపరిచింది వేగం కాదు. బండిని ట్రాకు మీదికి వదిలే ముందు ఒకతను మోకాళ్ల మీద కూర్చుని రెండు టైర్లూ చుట్టూ తిప్పి చూశాడు. తర్వాత బ్రేకులు, హెల్మెట్, తోలు దుస్తులు చూశాడు. అప్పుడే వదిలాడు. ట్రాకు మీద అందరూ ఒకే దిక్కున పోతారు, బస్సు అడ్డురాదు, అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. అంత భద్రత ఉన్నచోట టైరు చూడకుండా వదలరు. ఇవేవీ లేని మన రోడ్డు మీదికి పిల్లవాణ్ణి పంపేటప్పుడు నేను నిలబడిన చోటి నుంచి చూశాను.

సాయంత్రం టైరు చూస్తే లెక్క తిరగబడింది. నడుమ దాదాపు అలాగే ఉంది. రెండు అంచులూ గరుకు కాగితంతో రుద్దినట్టు లేచి, చిన్న చిన్న రబ్బరు ఉండలు అంటుకుని ఉన్నాయి. మలుపుల్లో ఒరిగి తిప్పిన ఖర్చంతా అక్కడ పడింది. ట్రాకులో మండినంతగా వేడెక్కి చల్లారిన రబ్బరు కొంత గట్టిపడుతుంది కూడా. కాబట్టి ట్రాకులో గట్టిగా వాడిన టైరుతోనే మర్నాడు వానలో ఆఫీసుకు వెళ్లేవారు రెండు అప్పులు ఒకే జీతం మీద తీసుకున్నట్టే.

ప్రపంచ స్థాయి పోటీల్లోనూ ఈ లెక్కకు మినహాయింపు లేదు. 2013 అక్టోబరులో ఆస్ట్రేలియాలోని ఫిలిప్ ఐలాండ్‌లో మోటోజీపీ పందెం జరిగింది. ట్రాకుకు కొత్తగా తారు వేశారు. ఎడమ మలుపులు ఎక్కువ. టైర్లు పూర్తి దూరం ఆగవని తేలింది. నిర్వాహకులు 27 ల్యాపుల పందేన్ని 19కి కుదించారు, ఒక టైరు మీద 10 ల్యాపులకు మించి తిరగరాదని నిబంధన పెట్టారు. ఆ ఏడాది ప్రపంచ విజేత కాబోతున్న ఇరవై ఏళ్ల మార్క్ మార్కెజ్ బండి మార్చడానికి ఒక ల్యాప్ ఆలస్యంగా వచ్చాడు. అతణ్ణి పందెం నుంచి అనర్హుణ్ణి చేశారు. ఎంత గొప్ప రైడరైనా టైరు గడువు దాటనివ్వలేదు.

ఇప్పుడు మీ టైరు మీరే చూసుకునే పద్ధతి. గాడి అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మలు ఉంటాయి. వాటికి ఎదురుగా టైరు పక్కన టి.డబ్ల్యు.ఐ. అనో, చిన్న త్రికోణమో గుర్తు ఉంటుంది. అరిగిన రబ్బరు ఆ దిమ్మతో సమానమైతే టైరు పని అయిపోయింది. మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ద్విచక్ర వాహనానికి గాడి లోతు 0.8 మిల్లీమీటరు కంటే తగ్గకూడదు. అది ఆఖరి హద్దు, అందాకా ఆగమని కాదు. గాళ్లున్నది నీటిని బయటికి తోయడానికి. వాన వచ్చే ముందే చూసుకోవాలి. టైరు పక్కన నాలుగు అంకెలు కూడా ఉంటాయి. 2211 అంటే 2011లో 22వ వారం తయారైందని అర్థం. వాడకుండా ఉంచినా రబ్బరు ముదిరి గట్టిపడుతుంది. గాలి మాత్రం బండి చల్లగా ఉన్నప్పుడు, కంపెనీ చెప్పిన కొలతకే పట్టించండి.

పిల్లలూ, బండి నడపవద్దని నేను చెప్పను. చెప్పినా మీరు వినరు. సిగ్నల్ దగ్గర మీరు దూకిన ప్రతి దూకుడూ, ఆఖరి క్షణంలో వేసిన ప్రతి బ్రేకూ మీ టైరు మీద రాసి ఉంటుంది. ఆ రాసింది చదవండి. వేగం మీద అంత సరదా ఉంటే ట్రాకుకు వెళ్లి, నేర్పేవారి దగ్గర నేర్చుకోండి.

తల్లిదండ్రులారా, టైరు మార్చాలని పిల్లవాడు అడిగితే నిలబడి చూసి జవాబు చెప్పకండి. మోకాళ్ల మీద కూర్చోండి. చక్రాన్ని ఒక పూర్తి చుట్టు తిప్పండి. నడుమ చూడండి, రెండు అంచులూ చూడండి. ఆ తర్వాత కాదనాలంటే అనండి. ఆ రోజు నేను ఆ రెండు నిమిషాలు కూర్చుని ఉంటే మావాడు తన తోటివాళ్లతో కలిసే పట్టా అందుకునేవాడు. వాడు ఇంతవరకు నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే మీ ముందు నేనే చెప్పుకుంటున్నాను.

ఈ సభ ముగిశాక భోజనాలున్నాయి. బయట బైకులూ ఉన్నాయి. భోజనానికి ముందే ఒకసారి చూసుకుని రండి.