చిన్న అక్షరాల్లో చీరాల



ఎవరి స్మృతిలో మనం ఇక్కడ కూర్చున్నామో ఆ పెద్దాయన తాను పనిచేసిన గ్రంథాలయంలో పాత పేపర్లను తూకానికి అమ్మనివ్వలేదు. చోటు లేదన్నా, చెదలు పడతాయన్నా వినలేదు. ఆయన పట్టుదలకు తగిన విషయం మాట్లాడాలనిపించింది. అందుకే పాత పత్రికల కత్తిరింపుల్లోంచి ఒక చిన్న ఊరి గతాన్ని చదవడం ఎలాగన్నది ఈ పూట మీ ముందు పెడుతున్నాను. ఊరు చీరాల.

చీరాలనే ఎంచుకోవడానికి కారణం ఉంది. 1921లో ఆ ఊరి పేరు దేశమంతటా పత్రికల్లో మోగింది. అంతకు ముందూ, ఆ తర్వాతా అది మగ్గాల ఊరు, బజారు ఊరు, బెజవాడ నుంచి గూడూరు పోయే రైలు ఆగే ఊరు. పత్రికలు ఒక చిన్న ఊరిని ఎప్పుడు చూస్తాయి, ఎప్పుడు చూడవు అన్నది తేల్చుకోవడానికి ఇంతకన్నా తగిన ఊరు నాకు తెలియదు. పైగా ఆ పక్కనే వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి ప్రారంభించిన ఆ గ్రంథాలయ భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. అక్కడ విరిగిన ఆయన చేతికర్రను వచ్చినవారికి ఇప్పటికీ చూపిస్తారు. నా దృష్టిలో ఆ కర్ర కన్నా విలువైనవి అక్కడి బీరువాల్లో బైండు కట్టి ఉంచిన పాత పత్రికలు.

1921 కథ మీలో చాలామందికి తెలుసు. చీరాల, పేరాల గ్రామాలను కలిపి ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. అంతకు ముందు యూనియన్ అనే చిన్న స్థానిక సంస్థగా ఉన్నప్పుడు ఏడాదికి నాలుగు వేల రూపాయల దాకా ఉన్న పన్ను ఒక్కసారిగా నలభై వేలకు పెరిగింది. మునిసిపాలిటీ వద్దని జనం మొరపెట్టుకున్నారు. స్థానిక పాలన శాఖ మంత్రిగా ఉన్న పానగల్లు రాజా ఒప్పుకోలేదు. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ముందుకొచ్చారు. ఎడింబరోలో చదివి, ఆనంద కుమారస్వామితో కలిసి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన పండితుడాయన. ఆయనే చీరాలలో కాషాయం కట్టి రామదండు అనే వాలంటీర్ల దళాన్ని నడిపించారు. బెజవాడలో కాంగ్రెసు సమావేశం ముగించుకుని 1921 ఏప్రిల్ 6న చీరాల వచ్చిన గాంధీజీ ఒక దారి చెప్పారు. ఊరు వదిలి మునిసిపాలిటీ హద్దుల అవతలికి వెళ్ళిపోతే మునిసిపాలిటీ దానంతట అదే పోతుందన్నారు. ఆ నెల చివరికల్లా జనం కదిలారు. సుమారు పదిహేను వేల మందిలో పదమూడు వేలకు పైగా ఇళ్ళకు తాళాలు వేసి, పాకలు వేసుకుని రామనగర్ అనే కొత్త ఊరు కట్టుకున్నారు. దాదాపు 11 నెలలు అక్కడే ఉన్నారు. గోపాలకృష్ణయ్యను బరంపురంలో అరెస్టు చేసి ఏడాది జైలుకు పంపారు. డబ్బు చాలలేదు. వానలకు, ఎండలకు పాకలు ఆగలేదు. చివరికి జనం ఊళ్ళోకి తిరిగి వచ్చారు. మునిసిపాలిటీ నిలిచింది.

ఇంత కథ మనకు మిగిలిందంటే ఆనాటి పత్రికల పుణ్యమే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టి 1914లో మద్రాసులో దినపత్రికగా మార్చిన ఆంధ్రపత్రిక అప్పటికే తెలుగు ఇళ్ళల్లోకి చేరింది. బందరులో 1902లో పుట్టిన కృష్ణాపత్రిక ముట్నూరి కృష్ణారావు చేతుల్లో ఉంది. మద్రాసులో హిందూ ఉంది. మంత్రిగారి జస్టిస్ పార్టీ పక్షాన వాదించే జస్టిస్ పత్రిక కూడా ఉంది. ఒకే ఊరి గురించి ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. తెలుగు పత్రికల్లో త్యాగం చదివినవాళ్ళు జస్టిస్ పార్టీ వైపు వాదన కూడా చదవాలి. నా అభిమానం రామనగర్ పాకల వైపే. అయినా రెండో పక్షాన్ని వినకుండా రాసింది చరిత్ర అనిపించుకోదు.

ఇంకో ఆధారం ఉంది. పరిశోధన మొదలుపెట్టిన పిల్లలకు దాని సంగతి తెలియకపోవడం చూశాను. మద్రాసు ప్రభుత్వం దేశభాషా పత్రికలను తన అనువాదకులతో చదివించి, ప్రభుత్వానికి గిట్టని రాతలను ఇంగ్లీషులో సంగ్రహించి రహస్య నివేదికలుగా అచ్చు వేయించేది. కాపలా కాయడానికి చేసిన పని అది. కానీ మూల పత్రిక సంచిక చెదలకు పోయినచోట ఆ నివేదికలోని నాలుగు వాక్యాలే మనకు దిక్కు. ఏ సంపాదకుడు ఏ వారం ఏమన్నాడో వాటిలో దొరుకుతుంది. అయితే అవి ప్రభుత్వానికి ఏది కంట్లో నలుసో దాన్నే ఎక్కువగా ఏరుకున్నాయి. రోజువారీ బజారు ధరలు, పెళ్ళిళ్ళు ఆ అనువాదకుడికి పెద్దగా పట్టలేదు. కాబట్టి ఆ నివేదికల్లో దొరికే చీరాల ఎక్కువగా కోపంగా ఉన్న చీరాలే.

అసలు చిక్కు 1922 తర్వాత మొదలవుతుంది. జనం ఊళ్ళోకి తిరిగి వచ్చిన తర్వాత ఏమైంది? 11 నెలలు మూతపడ్డ మగ్గాలు మళ్ళీ ఎప్పుడు ఆడాయి? ఎవరి ఇల్లు అప్పులకు పోయింది? పన్ను బకాయిలు ఎలా వసూలయ్యాయి? పన్ను కట్టనందుకు జైలుకు వెళ్ళినవారిలో ఒక స్త్రీ కూడా ఉంది. ఇంటికి వచ్చాక ఆమెను ఊరు ఎలా చూసింది? పెద్ద పత్రికల పెద్ద శీర్షికల్లో వీటికి జవాబు వెతకడం వృథా. నాయకుడు జైలుకు పోయాడు, వార్త కూడా ఆయనతోపాటే పోయింది.

మగ్గాల సంగతీ అంతే. చీరాల రుమాళ్ళు ఒకప్పుడు ఓడలెక్కి అరబ్బు దేశాలకు, తూర్పు ఆఫ్రికాకు వెళ్ళేవి. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీళ్ళలోనూ పదేపదే నానబెట్టి, ఆ తర్వాత చిటికీ కట్టి, అంటే రంగు అంటకూడని చోట దారం బిగించి, ఎరుపు నలుపు రంగులు అద్ది నేసేవారు. నూనె వాసన వల్లే తేలియా రుమాలు అన్న పేరు వచ్చింది. ఇప్పుడా పని పేరు చెబితే నల్లగొండ వైపు పుట్టపాక గుర్తుకొస్తుంది, చీరాల రాదు. ఒక ఊరి చేతిలోంచి ఒక విద్య జారిపోయిన వైనం అది. దాన్ని పతాక శీర్షికగా ఏ పత్రికా వేయదు. నూలు ధర పెరిగిందని ఒక మూల, సహకార సంఘం సమావేశమని ఇంకో మూల, సరుకు నిలిచిపోయిందని మరో మూల నాలుగేసి పంక్తుల చిన్న అక్షరాల్లో వస్తుంది. ఆ నాలుగు పంక్తులను ఏళ్ళ తరబడి వరసగా పేర్చుకుంటేనే కథ కనబడుతుంది.

ఇప్పుడు కత్తిరింపుల దగ్గరికి వద్దాం. మన ఇళ్ళల్లో పాత ట్రంకు పెట్టె తెరిస్తే తాతగారు కత్తిరించి దాచుకున్న కాగితం ముక్కలు దొరుకుతాయి. అభిమానంతో దాచారు. అయితే కత్తెర వేసేటప్పుడు పై అంచును, అంటే తేదీని, పత్రిక పేరును కోసి పారేశారు. అలాంటి ముక్క చేతికొస్తే ఏం చేయాలి?

ముందుగా జిల్లా పేరు చూడండి. చీరాల గుంటూరు జిల్లాలో ఉందంటే ఆ ముక్క 1970 ఫిబ్రవరికి ముందుది. ఒంగోలు జిల్లా అని ఉంటే మీ అదృష్టం, ఎందుకంటే ఆ పేరు 1970 నుంచి 1972 దాకానే నడిచింది. ఆ తర్వాత ప్రకాశం జిల్లా అయింది. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. మద్రాసు రాష్ట్రం, ఆంధ్ర రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్ అన్న పేర్లు 1953 అక్టోబరుకు, 1956 నవంబరుకు అటూ ఇటూ ఉన్న గీతలు. ఆ తర్వాత డబ్బు లెక్క చూడండి. అణాలుంటే చాలావరకు 1957కు ముందుది. నయాపైసలని ఉంటే 1957 ఏప్రిల్ తర్వాతది, దాదాపు 1964 లోపుది, ఎందుకంటే ఆ ఏడాది నయా అన్న మాట తీసేశారు. వీశెలు, మణుగులు కనిపిస్తే మెట్రిక్ తూనికలు ఇంకా బజారు ఎక్కలేదన్నమాట. ఇవి కచ్చితమైన గోడలేమీ కావు. జనం పాత మాటను చట్టం కన్నా చాలా ఏళ్ళు ఎక్కువగా వాడతారు. కాబట్టి ఒక్క గుర్తును పట్టుకుని తేదీ తేల్చకండి, రెండు మూడు కలవాలి.

తెలుగు సంవత్సరం పేరు ఉంటే తేదీ దొరికిందని సంబరపడేవాళ్ళున్నారు. దుర్మతి అని ఉంటే అది 1921 ఉగాదితో మొదలైన దుర్మతా, 1981 నాటి దుర్మతా? అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగి వస్తుంది. కాగితం, అచ్చు అక్షరాలు, భాష చూసి చెప్పవచ్చు, కానీ పేరొక్కటే చాలదు.

అన్నిటికన్నా పనికొచ్చేది ముక్క వెనక వైపు. అటువైపు సగం తెగిన సినిమా ప్రకటన ఉండవచ్చు. అది మాయాబజార్‌ది అనుకుందాం. ఆ సినిమా 1957 మార్చిలో విడుదలైంది కాబట్టి ఆ ముక్క అంతకు ముందుది అయ్యే అవకాశం తక్కువ. అయితే చిన్న ఊరి హాలుకు బొమ్మ ఆలస్యంగా వచ్చేది, మళ్ళీ మళ్ళీ ఆడేది. అందువల్ల ఆ ప్రకటన ముందు హద్దు చెబుతుంది, వెనక హద్దు చెప్పదు. ఇంత పనికొచ్చే వెనక వైపును మనం ఏం చేస్తున్నాం? నోటుపుస్తకంలో జిగురుతో అంటించి శాశ్వతంగా మూసేస్తున్నాం. న్యూస్‌ప్రింటు కర్రగుజ్జుతో చేసిన చవక కాగితం. దానిలోని ఆమ్లమే దాన్ని తినేస్తుంది, ఎండ తగిలితే ఇంకా త్వరగా పసుపెక్కి పొడి అవుతుంది. దానికి తోడు సెలోఫేన్ టేపు వేస్తే కొన్నాళ్ళకు ఆ టేపు కింద అక్షరం గోధుమరంగు మరకగా మారుతుంది. అంటించకండి, మడవకండి. వీలైతే అసలు కత్తిరించకండి. పేజీ మొత్తం ఉంచండి. వార్త పక్కన ఉన్న అమృతాంజనం ప్రకటన, రైళ్ళ వేళలు, వేలం నోటీసు కూడా ఆ ఊరి గతమే. పైగా నాగేశ్వరరావు పంతులు ఆంధ్రపత్రికను నిలబెట్టింది తన అమృతాంజనం డబ్బుతోనే కదా!

ఇంతసేపూ పాతకాలం గురించి మాట్లాడాను. నాకు ఎక్కువ దిగులు కలిగించేది మాత్రం ఇటీవలి కాలం. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు 1989లో జిల్లాకొక టాబ్లాయిడ్ వేయడం మొదలుపెట్టింది. మిగతా పత్రికలు అదే బాట పట్టాయి. మండలానికొక విలేకరి వచ్చాడు. బోరింగు చెడిపోవడం, బడి గోడ కూలడం, తిరునాళ్ళ ఏర్పాట్లు, కౌన్సిలు సమావేశంలో జరిగిన వాగ్వాదం, అన్నీ అచ్చులోకి ఎక్కాయి. 1921లో మద్రాసు నుంచి ఎవరైనా వచ్చి చూస్తే తప్ప కనబడని చీరాల, తన మనుషులు తానే రాసుకుంటే ప్రతి ఉదయం కనబడడం మొదలైంది. తెలుగు చిన్న ఊళ్ళ చరిత్రలో ఇంత వివరంగా, ఇంత కాలం, రోజూ రాసిన రికార్డు మరొకటి లేదు.

కానీ దాన్ని దాచేదెవరు? చీరాల పేజీ చీరాల వైపు వెళ్ళే కట్టల్లోనే ఉంటుంది. హైదరాబాదులోని గ్రంథాలయానికి వచ్చేది హైదరాబాదు ఎడిషన్. పెద్ద గ్రంథాలయాలు బైండు కట్టించేది ప్రధాన పత్రికను, అదీ తమకు అందిన ఎడిషన్‌ను. జిల్లా పేజీ మధ్యాహ్నానికి బజ్జీల పొట్లం, సాయంత్రానికి బీరువా అరలో పరచిన కాగితం. ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను స్కాన్ చేయించి అందరికీ అందుబాటులోకి తేవడం ఎంతో పెద్ద మేలు, దానికి మనం రుణపడి ఉన్నాం. కానీ స్కాన్ చేయడానికి ముందు ఎవరో ఒకరు ఆ పేజీని దాచి ఉండాలి. ఎంత దగ్గరి వార్త అయితే అంత త్వరగా చచ్చిపోతోంది. 1921 ఏప్రిల్‌లో చీరాలలో ఏం జరిగిందో ఈ రోజు చెప్పగలం. 1995లో మగ్గం కార్మికుల కూలి ఎంతో, ఏ వీధికి ఎప్పుడు మంచినీళ్ళ గొట్టం వచ్చిందో చెప్పడానికి పేపరు దొరకక తల పట్టుకుంటాం.

ఇక్కడే ఒక హెచ్చరిక కూడా చేయాలి. జిల్లా పేజీ రాసింది సత్యమని అనుకోకండి. విలేకరికి పేజీ నింపాలన్న ఒత్తిడి ఉంది, ప్రకటనలు తేవాలన్న ఒత్తిడీ ఉంది. ఎవరి పుట్టినరోజు ఫోటో పెద్దగా పడింది, ఎవరి వాడ వార్త పడలేదు అన్నది కూడా ఆ ఊరి అధికారం ఎవరి చేతిలో ఉందో చెబుతుంది. దళితవాడ పేరు ఆ పేజీలో గొడవ జరిగినప్పుడే కనబడితే, ఆ ఖాళీని కూడా రాసుకోవాలి. పత్రిక చెప్పింది మునిసిపల్ రికార్డుతో, రిజిస్ట్రారు దస్తావేజుతో, అన్నిటికన్నా ముఖ్యంగా ఇంకా బతికి ఉన్న పెద్దవాళ్ళ మాటతో పోల్చుకోవాలి. ఆ పెద్దవాళ్ళ దగ్గరికి ఈ ఏడాదే వెళ్ళండి.

చివరగా నాకు కావలసింది అడుగుతాను. ఈ సభలో శాఖా గ్రంథాలయాలు నడిపేవారున్నారు, విలేకరులున్నారు, డిగ్రీ కళాశాల అధ్యాపకులున్నారు. ప్రతి చిన్న ఊళ్ళోనూ ఒక్క గ్రంథాలయం, ఏదైనా ఒక్క పత్రిక జిల్లా అనుబంధాన్ని కత్తిరించకుండా, తేదీ వరసలో, ఎండ తగలని గదిలో బల్లపరుపుగా పేర్చి, నెలకొక కట్ట కట్టి, కట్ట మీద ఊరి పేరు, నెల, సంవత్సరం అంకెల్లో రాసి ఉంచాలి. ఖర్చు ఒక చందా, కొంచెం అట్ట, కొంచెం పురికొస. విలేకరులు తమ దగ్గరున్న పాత ఫైళ్ళను ఇంట్లో మగ్గిపోనివ్వకుండా ఆ గ్రంథాలయానికి ఇవ్వాలి. అధ్యాపకులు ఏటా కొందరు విద్యార్థులతో ఒక్క సంవత్సరపు జిల్లా పేజీలకు విషయసూచిక తయారు చేయించాలి. వేటపాలెంలో ఈ పని వందేళ్ళ కిందట ఊరివాళ్ళే మొదలుపెట్టారు, ప్రభుత్వం చెప్పేదాకా ఆగలేదు. మీరూ ఆగకండి. రేపటి పేజీతోనే మొదలుపెట్టండి.