యుద్ధనౌకలో గణకయంత్రము



1945లో ఒకినావా సమీపమున జపాను ఆత్మాహుతి విమానములు అమెరికా నౌకలపై విరుచుకుపడుచుండగా, రాడారు ముందున్నవాడు దూరమును, దిక్కును కేకవేసి చెప్పెడివాడు. పారదర్శక ఫలకము వెనుక నిలిచిన నావికుడు, ముందున్న అధికారికి సరిగా కనబడుటకై, అంకెలను కుడియెడమలు మార్చి వ్రాసెడివాడు. అది యెంత కష్టమో పలకపై ప్రయత్నించినవారికే తెలియును! విమానములు గుంపులుగా వచ్చినప్పుడు ఆ చేయి వెనుకబడెను. జెట్ విమానముల కాలమున ఆ పద్ధతి నిలువదని తేలిపోయెను.

1950వ దశకపు నడుమ మెక్‌నాలీ, స్వెన్సెన్ అను నౌకాదళాధికారులు ఈ పనిని కంప్యూటరున కప్పగింప బూనిరి. ఒకరికి రాడారు తెలియును, ఇంకొకరికి కంప్యూటరు తెలియును. ఇరువురికిని సముద్రము తెలియును. తొలి యంత్రమును యూనివాక్ సంస్థలో సేమూర్ క్రే రూపొందించెను. పెళుసైన వాక్యూమ్ ట్యూబులకు బదులు ట్రాన్సిస్టరులు వాడిరి. ఒక పెద్ద యంత్రమును నమ్ముకొనక, ఒకే తీరు యంత్రములను నౌక అవసరమును బట్టి ఒకటికి మించి అమర్చిరి. ఒకటి మూగవోయినను తక్కినవి ముఖ్యమైన పనిని సాగింపవలెనని వారి యాలోచన. 1961లో ఒరిస్కనీ, కింగ్, మహాన్ అను మూడు నౌకలపై వ్యవస్థను నెలకొల్పిరి. ప్రోగ్రాములు వ్రాయుటకును దిద్దుటకును శాండియాగోలో నౌకాదళమే తనవారిని తీర్చిదిద్దుకొనెను. ఇది యంత్రనిర్మాణముకంటె తక్కువ పని కాదు.

యంత్రము తమ పెత్తనమును హరించునని శంకించిన అధికారులును లేకపోలేదు. కాని యంత్రము సూచించును. ఆజ్ఞ మాత్రము మనుష్యునిదే. చిక్కు అచ్చటనే యున్నది.

1988 జూలై 3న పర్షియా సింధుశాఖలో విన్సెన్స్ అను అమెరికా నౌక ఇరాను ప్రయాణికుల విమానమును కూల్చివేసెను. 290 మంది మరణించిరి. విమానము పైకెక్కుచున్నదని కంప్యూటరు నమోదు చేసెను. నౌకలోనివారు క్రిందికి దిగుచున్నదని చెప్పిరి. విమానపు టెత్తు పెద్ద తెరపై లేదు. చిన్న తెరపై అంకెలుగా మాత్రమే కనబడును. ఎక్కుచున్నదో, దిగుచున్నదో తెలియవలెనన్న, ఆ కలవరములో అంకెకు అంకె పోల్చి మనసులో లెక్కించుకొనవలెను. ఆ ఘోరము పిమ్మట, ఒత్తిడిలోనున్న మనుష్యుడు తెరను చూచి ఎట్లు నిర్ణయించునో నౌకాదళము ప్రత్యేకముగా పరిశోధింప మొదలిడెను.