ఖాళీ వేరు, సున్నా వేరు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు విభాగంలో రాత్రంతా ఏం చేసేవారండీ అని మన మిత్రులు చాలామంది నన్ను అడుగుతుంటారు. జవాబుగా ఒక్క పని గురించి చెబుతాను. యంత్రంలో ఉన్నదాన్ని మనిషి చదవగలిగేలా కాగితం మీదికి తేవడం. మన జీతాలు సవ్యంగా రావడం దాని మీద కూడా ఆధారపడి ఉండేది.

1964లో ఐబీఎం సంస్థ సిస్టమ్ 360 అనే మెయిన్‌ఫ్రేమ్ కుటుంబాన్ని ప్రకటించింది. నేను పనిచేసిన యంత్రం ఆ జాతిదే. అందులో ఎనిమిది బిట్లు ఒక బైటు. బిట్ అంటే ఒకటో, సున్నానో. అష్టాచమ్మా ఆడినవారికి ఇది సులభమే. గవ్వ వెల్లకిలా పడితే ఒకటి, బోర్లా పడితే సున్నా అనుకోండి. నాలుగు గవ్వలను వరుసగా పేరిస్తే పదహారు రకాలు వస్తాయి. వాటికి 0 నుంచి 9 వరకు అంకెలు, ఆపైన ఎ నుంచి ఎఫ్ వరకు ఇంగ్లీషు అక్షరాలు గుర్తులుగా పెట్టారు. ఇదే హెక్సాడెసిమల్. ఒక బైటుకు రెండు గుర్తులు చాలు. రావు అనే పేరు ఇంగ్లీషులో మూడక్షరాలు కదా, యంత్రంలో అది డి9 సి1 డి6.

జీతాల మొత్తాలను ప్యాక్డ్ డెసిమల్ పద్ధతిలో ఉంచేవాళ్లం. 2,345 రూపాయలైతే 02 34 5సి. చివరి సి కూడిక గుర్తు. సున్నా అయితే 00 00 0సి. సెక్షన్‌లో గడి నింపకుండా వదిలేస్తే అక్కడ 40 40 40 ఉండేది. 40 అంటే ఖాళీ అక్షరం. దాన్ని కూడమంటే యంత్రం 0సి7 అనే కోడు ఇచ్చి ఆగిపోయేది. ఒక్కరి గడి ఖాళీగా ఉంటే అందరి జీతాలూ ఆగేవి.

ఆ గడిని ఉన్నదున్నట్టు ప్రింటరుకు పంపితే ఖాళీ అయినా, సున్నా అయినా కాగితం మీద తెల్లగానే ఉండేది. సున్నా అంటే ఈ నెల జీతం లేదని ఒకరు తెలిసి రాసిన మాట. ఖాళీ అంటే ఎవరూ ఏమీ రాయలేదని. రెండూ ఒకటే అనుకుని సున్నా వేసి నడిపిస్తే, నెలంతా పనిచేసిన మనిషి ఇంట్లో పొయ్యి వెలిగేదెలా?

అందుకే అసెంబ్లర్ భాషలో రెండు ఆదేశాల ఉపాయం వాడేవాళ్లం. మొదటిది అన్‌ప్యాక్. ఇది అంకెల కోసం పెట్టినదే గాని, ఇచ్చినవి అంకెలా కాదా అని చూడదు. బైటును రెండు సగాలు చేసి, ఒక్కో సగానికి ముందు ఎఫ్ చేరుస్తుంది. సి1 ఇస్తే ఎఫ్‌సి, ఎఫ్1 వస్తాయి. ఎఫ్1 అంటే ప్రింటరుకు 1. ఎఫ్‌సి మాత్రం దానికి అర్థం కాదు. అప్పుడు రెండో ఆదేశం ట్రాన్స్‌లేట్, పదహారు గుర్తుల పట్టిక చూసి, ఎఫ్‌సికి బదులు సి అక్షరం పెడుతుంది.

ఒక మెలిక ఉంది. అన్‌ప్యాక్ చివరి బైటును విడదీయదు, దాని సగాలను అటూ ఇటూ మారుస్తుంది, అంతే. కాబట్టి మూడు బైట్ల గడికి నాలుగు ఇచ్చి, ఏడు తీసుకుని, ఏడోదాన్ని వదిలేయాలి.

ఇలా చేస్తే లావుపాటి డంపు కాగితాలు తిరగెయ్యకుండానే, ఉద్యోగి నంబరు పక్కన 404040 అని ఒక్క వరుసలో కనిపించేది. తెల్లవారగానే సెక్షన్‌కు ఫోను చేసి అసలు అంకె తెప్పించుకునేవాళ్లం.

ఆ రెండు ఆదేశాలూ నేటి ఐబీఎం మెయిన్‌ఫ్రేముల్లోనూ ఉన్నాయి. మన పింఛను కాగితాల్లోనూ గడులున్నాయి. ఏదైనా తెల్లగా కనిపిస్తే, అది సున్నానా, ఎవరూ నింపలేదా అని మొహమాటపడకుండా అడగండి. ఆ రెండింటికీ తేడా ఉంది.