తగవులమారి ఎవరు? గయ్యాళి ఎవరు?



పోట్లాడే మనిషికి తెలుగులో చాలా పేర్లున్నాయి. అన్నిటికీ అర్థం ఒకటి కాదు.

తగవులమారికి కారణం అక్కర్లేదు. దారిన పోయే తగవును ఇంటికి తెచ్చుకుంటాడు. పేచీకోరు పంపకాల దగ్గర, లెక్కల దగ్గర దొరుకుతాడు. ఏదో ఒక మెలిక పెడతాడు, పని తెగనివ్వడు. మొండివాది తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటాడు. వితండవాదికి ఆ కుందేలు కూడా ఉండదు! తనదంటూ ఒక మాట చెప్పడు. ఎదుటివాళ్ల మాటను కొట్టిపారేయడమే అతని పని. వీళ్లందరికన్నా తంపులమారితో ప్రమాదం ఎక్కువ. తాను పోట్లాడడు. ఇద్దరికి పెట్టి తమాషా చూస్తాడు.

ఇక గయ్యాళి. ఈ మాట ఆడవాళ్లకే అంటగట్టారు. అయినదానికీ కానిదానికీ అందరిమీదా నోరు పారేసుకునే ఆడమనిషి అని అర్థం. కానీ కూలి లెక్కలో తేడా వచ్చిందని అడిగినా మేస్త్రి ఆ మాటే అంటాడు. అదే లెక్క మగవాడు అడిగితే? ‘లెక్క తెలిసినవాడు’ అంటాడు.

లెక్క అడగడం గయ్యాళితనం ఎలా అవుతుంది? జవాబు చెప్పాల్సిన మనిషిని ఆపి, చెప్పేదాకా కదలనివ్వకపోతే దాన్ని నిలదీయడం అంటారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు చేసింది అదే. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నారు. మా ఊళ్లో సారా ఎందుకని నిలదీశారు. కొట్టు మూయించారు. ఆ మాట ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది.