ధర వేరు, విలువ వేరు
(పాల్మాకుల మహిళా పొదుపు సంఘాల సభ్యులకు ఇచ్చిన ప్రసంగం)



చదువు రానప్పుడు మోసపోయేది వేలిముద్ర దగ్గర. చదువు వచ్చాక మోసపోయేది ఆశ దగ్గర. ఈరోజు మాట ఆశ గురించే. షేర్ల గురించి.

ఇప్పుడు ప్రతి ఇంట్లో సెల్‌ఫోను ఉంది. అందులో రోజుకో కబురు వస్తోంది. "ఫలానా మందుల కంపెనీ షేరు కొనండి. పది రోజుల్లో పెరుగుతుంది" అంటారు. కొడుకు అడుగుతాడు. అల్లుడు అడుగుతాడు. "అమ్మా, సంఘంలో అప్పు తీసి ఇవ్వు, నెలలో తిరిగి కడతాను" అంటారు. ఇవ్వాలా, వద్దా? ఆ మాట చెప్పాలంటే షేరు అంటే ఏమిటో తెలియాలి.

షేరు అంటే వాటా. నలుగురు అక్కాచెల్లెళ్లు కలిసి ఒక గేదెను కొన్నారనుకోండి. ఒక్కొక్కరికి పావు వాటా. పాలు అమ్మితే లాభంలో పావు వంతు. గేదె చస్తే నష్టంలోనూ పావు వంతు. కంపెనీ షేరు కూడా అంతే. కాకపోతే కంపెనీకి కోట్ల వాటాలు ఉంటాయి. ఆ వాటాలను అమ్మడానికీ కొనడానికీ ఒక బజారు ఉంది. అదే షేర్ మార్కెట్.

బజారులో ధర ఎలా వస్తుంది? ఈ సంగతి పాల్మాకుల వాళ్లకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు వస్తుందన్న మాట పుట్టగానే ఏమైంది? నిన్నటి దాకా జొన్న పండిన చెల్క గజాల లెక్కన అమ్ముడుపోయింది. 2008 మార్చి 23న విమానాలు ఎగరడం మొదలైంది. కానీ ధర అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఎగిరింది. నేల మారలేదు. బావిలో నీళ్లు పెరగలేదు. పెరిగింది ఏమిటి? "రేపు ఇంకా పెరుగుతుంది" అన్న నమ్మకం. కొందరు బయానా ఇచ్చి బాగుపడ్డారు. కొందరు అప్పు తెచ్చి బయానా ఇచ్చారు. 2008 చివర ప్రపంచమంతా డబ్బు కటకట వచ్చింది. కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. అప్పు తెచ్చినవాళ్లు చిక్కుకున్నారు.

భూమికి రెండు లెక్కలు ఉంటాయి. ఏడాదికి ఎంత పండుతుంది, ఎంత కౌలు వస్తుంది అన్నది ఒకటి. అది విలువ. బ్రోకరు ఈరోజు ఎంత చెబుతున్నాడు అన్నది రెండోది. అది ధర. షేరుకు కూడా ఈ రెండు లెక్కలూ ఉంటాయి.

ఇప్పుడు ఒక నిజమైన కంపెనీని చూద్దాం. మెడ్‌ప్లస్ పేరు మీరు బోర్డు మీద చదివే ఉంటారు. బీపీ మాత్రలకో, షుగరు మాత్రలకో ఆ దుకాణానికి వెళ్లినవాళ్లు ఉంటారు. ఈ కంపెనీని హైదరాబాద్‌లో గంగాడి మధుకర్ రెడ్డి 2006లో మొదలుపెట్టారు. మొదట 48 దుకాణాలు. 2021 నాటికి రెండు వేలు దాటాయి.

ఈ కంపెనీ చేసే పని ఏమిటి? మందులు కొనడం, అమ్మడం. అసలు కిటుకు కొనడంలో ఉంది. ఒక చిన్న దుకాణం పది డబ్బాలు కొంటే ఒక ధర. వేల దుకాణాలకు కలిపి ఒక్కసారే కొంటే తక్కువ ధర. సంఘం మొత్తానికి కలిపి బియ్యం బస్తాలు కొన్నట్టే. ఏ దుకాణంలో ఏ మాత్రలు అయిపోతున్నాయో కంప్యూటరు చెబుతుంది. ఏ మందుకు గడువు తీరబోతోందో అదీ చెబుతుంది. గడువు దాటిన మందు చెత్తతో సమానం. అది మిగలకుండా చూసుకుంటేనే లాభం.

2021 డిసెంబరులో ఈ కంపెనీ జనానికి షేర్లు అమ్మింది. ఒక్కో షేరు 796 రూపాయలు. చిన్న మదుపరులు తక్కువలో తక్కువ 18 షేర్లు అడగాలి. అంటే 14,328 రూపాయలు. లెక్క వేసి చూడండి.

షేరు బజారులోకి రాకముందే జనం లెక్కలు మొదలుపెట్టారు. "వెయ్యి పలుకుతుంది" అని ఒకరు. "ఇంకా పైనే" అని ఇంకొకరు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు. చిన్న మదుపరులకు ఉంచిన షేర్లకు అయిదు రెట్లు అడిగారు. అడిగిన వారందరికీ రాలేదు.

మరి కంపెనీ విలువ ఎంత? ఆ రోజు ఒక షేరు ధరను అన్ని షేర్లతో గుణిస్తే సుమారు 9,500 కోట్ల రూపాయలు. ఈ లెక్కలో ఒక చిక్కు ఉంది. ఊళ్లో ఒక ఎకరం ఎంతకు పోయిందో చూసి, ఊరందరి భూమికీ అదే ధర కట్టినట్టు ఇది. ఊరంతా ఒకే రోజు అమ్మకానికి పెడితే ఆ ధర వస్తుందా? రాదు.

ఇక రాబడి చూద్దాం. 2020-21లో ఆ కంపెనీ సుమారు 3,069 కోట్ల వ్యాపారం చేసింది. మిగిలిన లాభం సుమారు 63 కోట్లు. అంటే వంద రూపాయల సరుకు అమ్మితే మిగిలింది రెండు రూపాయలు. 63 కోట్లు మిగిలే కంపెనీకి 9,500 కోట్లు ధర. అంటే నూట యాభై రెట్లు. ఏడాదికి 10,000 రూపాయల కౌలు వచ్చే పొలానికి 15 లక్షలు పెట్టినట్టు. కౌలు అంతే ఉంటే పెట్టిన డబ్బు రావడానికి 150 ఏళ్లు పడుతుంది.

మరి ఎందుకు కొన్నారు? కొన్నవాళ్లు తెలివితక్కువ వాళ్లా? కాదు. కౌలు పెరుగుతుందని వాళ్ల లెక్క. ఆ లెక్కకు ఆధారం కూడా ఉంది. 2021 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, ఆరు నెలల్లోనే, కిందటి ఏడాది మొత్తానికి వచ్చినంత లాభం వచ్చింది. కానీ అది కరోనా రెండో విడత కాలం. ఇంటింటా మందులు కొన్న కాలం. ఆ గిరాకీ ఎల్లకాలం ఉంటుందా? ఈ ప్రశ్న అడిగినవాళ్లు తక్కువ.

2021 డిసెంబరు 23న షేరు బజారులోకి వచ్చింది. వెయ్యి దాటి మొదలైంది. సాయంత్రానికి సుమారు 1,120కి చేరింది. అందరూ సంబరపడ్డారు. తర్వాత కంపెనీ ఇంకా చాలా దుకాణాలు తెరిచింది. 2023 మార్చి నాటికి 3,800 దాటాయి. కొత్త దుకాణానికి అద్దె, జీతాలు మొదటి రోజు నుంచే కట్టాలి. లాభం రావడానికి మాత్రం సమయం పడుతుంది. 2022-23లో లాభం సుమారు 50 కోట్లకు తగ్గింది. షేరు ధర 796 కంటే కిందికి పోయింది. 2023 మొదటి నెలల్లో 650 దాపుకు వచ్చింది.

ఇప్పుడు ముగ్గురు అక్కలు ఉన్నారనుకోండి. ముగ్గురి దగ్గరా అదే కంపెనీవి 18 షేర్లు.

మొదటి అక్కకు 796 చొప్పున వచ్చాయి. మొదటి రోజు సాయంత్రమే 1,120కి అమ్మింది. 5,832 రూపాయలు లాభం.

రెండో అక్కకూ 796 చొప్పునే వచ్చాయి. "ఇంకా పెరుగుతుంది" అని ఉంచింది. బిడ్డ కాలేజీ ఫీజు కోసం 650కి అమ్మింది. 2,628 రూపాయలు నష్టం.

మూడో అక్క పక్కింటి వాళ్ల సంబరం చూసింది. సంఘంలో అప్పు తీసి 1,120 చొప్పున కొన్నది. 20,160 రూపాయలు పెట్టింది. వాయిదా కట్టలేక 650కి అమ్మింది. 8,460 రూపాయలు నష్టం. పైగా అప్పుకు వడ్డీ.

కంపెనీ ఒక్కటే. అందులో మోసం లేదు. దుకాణాలు నడుస్తూనే ఉన్నాయి. తర్వాత లాభం మళ్లీ పెరిగింది. 2024-25లో సుమారు 150 కోట్లకు చేరింది. ఆగగలిగిన వాళ్లకు ఆగే దారి దొరికింది. కానీ ఫీజు ఆగుతుందా? సంఘం వాయిదా ఆగుతుందా? ఉన్నవాడు మూడేళ్లు ఆగుతాడు. లేనివాళ్లు ధర పడ్డ రోజే అమ్ముకుంటారు. చిన్నవాళ్లు నష్టపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఇంకొక సంగతి. జనం ఇచ్చిన డబ్బంతా కంపెనీకి పోయిందనుకుంటారు. కాదు. ఆ రోజు అమ్మిన షేర్ల మొత్తం సుమారు 1,398 కోట్లు. అందులో కంపెనీకి చేరింది 600 కోట్లు. మిగిలిన 798 కోట్లు అంతకు ముందే వాటాలున్న వాళ్లకు పోయాయి. వాళ్లు తమ వాటాల్లో కొన్ని అమ్ముకున్నారు. ఇది తప్పు కాదు, చట్టం ఒప్పుకున్నదే. ఈ వివరమంతా కంపెనీ ఇచ్చిన కాగితాల్లో రాసి ఉంది. చదివినవాళ్లకు తెలుస్తుంది. చదవనివాళ్లకు తెలియదు.

కాగితాలే అబద్ధమైతే? అదీ జరిగింది, హైదరాబాద్‌లోనే. సత్యం కంప్యూటర్స్ ఎంతో పేరున్న కంపెనీ. 2009 జనవరి 7న దాని అధిపతి రామలింగరాజు ఉత్తరం రాశారు. లెక్కల్లో చూపిన డబ్బులో 5,040 కోట్లు అసలు లేవని ఒప్పుకున్నారు. ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ ఒక్కరోజే 40 రూపాయలకు పడింది. పింఛను డబ్బు పెట్టినవాళ్లు ఏడ్చారు. పిల్ల పెళ్లికని దాచినవాళ్లు ఏడ్చారు. ఎంత పెద్ద పేరైనా డబ్బంతా ఒక్క చోటే పెట్టకూడదని ఆ రోజు తెలిసింది.

అయితే షేర్ల జోలికే పోవద్దా? అలా అనడం లేదు. తెలిసి పోవాలి. షేర్లకు పెట్టే ముందు ఇంట్లో కూర్చుని నాలుగు ప్రశ్నలు అడగండి.

ఒకటి. ఈ డబ్బు అయిదేళ్ల దాకా అవసరం లేనిదేనా? ఫీజు, పెళ్లి, వైద్యం, వాయిదా డబ్బు అయితే వద్దు. బ్యాంకులో వేసుకోండి. బ్యాంకు మునిగినా ఒక మనిషికి 5 లక్షల దాకా బీమా ఉంది. షేరుకు అలాంటి బీమా లేదు.

రెండు. ఇది సొంత డబ్బా, అప్పా? అప్పు అయితే అసలే వద్దు. సంఘం అప్పు గేదెకు, కుట్టుమిషనుకు, కొట్టుకు. జూదానికి కాదు.

మూడు. కంపెనీ ఏం చేసి సంపాదిస్తుంది? నిరుడు ఎంత మిగిలింది? కొనమన్న మనిషిని ఈ రెండూ అడగండి. చెప్పలేకపోతే అతనికీ తెలియదన్నమాట.

నాలుగు. కొనమని చెప్పేవాడికి ఏమి లాభం? ఊరికే ఎవరూ ఫోను చేయరు. అతని దగ్గర ఆ షేర్లు ముందే ఉండవచ్చు. మీరు కొంటే ధర పెరుగుతుంది. అప్పుడు అతను అమ్ముకుని వెళ్లిపోతాడు.

"నెలలో రెట్టింపు గ్యారంటీ" అని ఎవరైనా అంటే, అది అబద్ధమని వెంటనే తెలుసుకోండి. షేర్లలో గ్యారంటీ ఉండదు. షేర్ల వ్యాపారాన్ని చూసే ప్రభుత్వ సంస్థ పేరు సెబీ. సలహా చెప్పి డబ్బు తీసుకునేవాళ్లు అక్కడ నమోదు కావాలి. సందేహం ఉంటే 1800 22 7575 కు ఫోను చేయండి. ఖర్చు లేదు. ఫోనులో మోసపోయి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 కు చెప్పండి. మీ పేరున ఖాతా తెరిస్తే రహస్య సంకేతం మీ దగ్గరే ఉంచుకోండి. కొడుకైనా సరే, మీకు చెప్పకుండా మీ ఖాతాలో కొనకూడదు.

అక్షరాలు దిద్దింది బస్సు బోర్డు చదవడానికే కాదు. పొదుపు పుస్తకంలో ప్రతి రూపాయీ కూలి చేసి తెచ్చిందే. ఎవరైనా కాగితం తెచ్చి "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అంటే, "ఉంచి వెళ్లు బాబూ, చదివి చెబుతాను" అనండి. ఒక్కరికి అర్థం కాకపోతే సంఘంలో కలిసి చదవండి. మంచి బేరమైతే వారం ఆగినా చెడిపోదు. ఈరోజే పెట్టాలని తొందర చేస్తే, అది మీ కోసం తెచ్చిన బేరం కాదు.